కాకిలెక్కలు కాకుండా ఉద్గార గుణకాన్ని ఎంచుకోవడం ఎలా?

ఎవరిదో పొగగొట్టం దగ్గర కొలిచిన అంకెను తెచ్చి మీ పొగగొట్టానికి వర్తింపజేయడమే ఉద్గార గుణకంతో లెక్క వేయడం. ఆ అంకెను ఎలాంటి యంత్రం దగ్గర కొలిచారు, అప్పుడు ఏ ఇంధనం మండుతోంది, వడపోత పరికరానికి ముందు కొలిచారా తర్వాతా, ఏ పద్ధతిలో కొలిచారు? ఈ నాలుగూ తెలియకుండా వేసిన లెక్కను ఎంత అందమైన పట్టికలో పెట్టినా అది కాకిలెక్కే.

సూత్రం చాలా చిన్నది. ఏడాదిలో జరిగిన పనిని గుణకంతో, అంటే ఒక్కో టన్ను పనికి ఎంత కాలుష్యకం వెలువడుతుందో చెప్పే అంకెతో, హెచ్చవేయాలి. పని అంటే కాల్చిన బొగ్గు టన్నులు కావచ్చు, తయారైన క్లింకర్ (పొడి చేస్తే సిమెంటు అయ్యే గడ్డలు) టన్నులు కావచ్చు, వాడిన గ్యాసు పరిమాణం కావచ్చు. వడపోత పరికరం ఉంటే అది పట్టుకున్న శాతాన్ని తగ్గించాలి. మొదటి అంకె మీ రిజిస్టర్లలోనే ఉంటుంది. గుణకాన్ని, వడపోత శాతాన్ని మాత్రం మీరే ఎంచుకోవాలి. తప్పులు ఎక్కువగా దొర్లేది ఆ ఎంపికలోనే.

1. అసలు గుణకం అవసరమో కాదో తేల్చుకోండి

చిమ్నీలో నిరంతర పర్యవేక్షణ పరికరం ఉండి, దాన్ని క్రమం తప్పకుండా సరిచూస్తున్నట్లయితే ఆ రీడింగులే వాడండి. అది లేకపోతే మీ సొంత చిమ్నీ పరీక్ష నివేదికలు వెతకండి. మామూలు లోడులో, రోజూ వాడే ఇంధనంతో చేసిన పరీక్ష అయితే పుస్తకంలోని గుణకం కంటే దానికే విలువ ఎక్కువ. అయితే కొత్త ఫిల్టర్ సంచులు బిగించిన మర్నాడు చేసిన ఒక్క పరీక్షను ఏడాది పొడవునా సాగదీయకండి.

ఆ తర్వాత వచ్చేది పదార్థ తుల్యత, అంటే లోపలికి వెళ్లినదానికీ బయటికి వచ్చినదానికీ లెక్క చూడటం. పెయింటింగ్, ప్రింటింగ్ వంటి చోట్ల కొన్న ద్రావకంలో తిరిగి రాబట్టినది, వ్యర్థంగా పంపినది, సరుకులో మిగిలినది తీసేస్తే మిగతాదంతా గాలిలోకి పోయినట్టే. అక్కడ గుణకం కోసం వెతుకులాట దండగ. ఇంధనంలోని సల్ఫర్ విషయమూ అంతే. నైట్రోజన్ ఆక్సైడ్లకు మాత్రం ఈ దారి పనికిరాదు. మంట వేడికి గాలిలోని నైట్రోజన్ కూడా ఆక్సీకరణం చెందుతుంది కాబట్టి ఇంధన విశ్లేషణ చూసి చెప్పలేం. కార్బన్ మోనాక్సైడూ మంట ఎంత సవ్యంగా మండిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇలాంటి వాటికే గుణకం నిజంగా అక్కరకు వస్తుంది.

2. పట్టిక తెరవకముందే మీ ఫ్యాక్టరీ వివరాలు రాసుకోండి

ముందు పట్టిక తెరిచి, కంటికి నచ్చిన వరుస ఎంచుకుని, తర్వాత మన బాయిలర్ కూడా ఇలాంటిదేలే అని సర్దిచెప్పుకోవడం చాలామందికి అలవాటు. దీన్ని తిరగేయండి. ఒక్కో ఉద్గార స్థానానికి ఒక్కో పేజీ కేటాయించి అక్కడ ఏమి జరుగుతుందో ముందుగా రాయండి.

‘ఒకటో బాయిలర్, బొగ్గు’ అని రాస్తే చాలదు. బొగ్గును పొడి చేసి ఊదుతున్నారా, స్టోకర్ (బొగ్గును జాలీ మీదకు అందించే యంత్రం) మీద కాలుస్తున్నారా, ఫ్లూయిడైజ్డ్ బెడ్‌లోనా (కింది నుంచి ఊదే గాలిలో తేలే పొరలోనా)? సామర్థ్యం ఎంత, బర్నర్లు ఏ రకం, ఏడాదిలో ఎన్ని గంటలు ఏ లోడులో నడిచింది, చిమ్నీకి ముందు సైక్లోన్ (పొగను సుడి తిప్పి దుమ్ము వేరుచేసేది) ఉందా, ఈఎస్‌పీ (విద్యుదావేశంతో దుమ్ము పట్టేది) ఉందా, బ్యాగ్ ఫిల్టర్ (గుడ్డ సంచులతో వడపోసేది) ఉందా? ఇంధనంలో సల్ఫర్, బూడిద, తేమ, ఉష్ణ విలువ ఎంతెంత? ఈ ప్రశ్నలకు జవాబులు బాయిలర్ దగ్గర పనిచేసే ఆపరేటర్లను అడిగి తెలుసుకోండి. డ్రాయింగులో ఉన్న యంత్రమూ నేల మీద నడుస్తున్న యంత్రమూ ఒకటే కావాలని లేదు.

చిమ్నీ లేని చోట్లనూ జాబితాలో చేర్చండి: నిల్వ కుప్పలు, ఒక కన్వేయర్ నుంచి ఇంకో కన్వేయర్ మీదకు సరుకు పడే చోట్లు, లారీలు తిరిగే మట్టిదారులు, ట్యాంకులు, లీకయ్యే వాల్వులు, పంపులు. చిమ్నీలకు మంచి ఫిల్టర్లు ఉన్న ఫ్యాక్టరీలో దుమ్ము లెక్కలో ఈ చోట్లదే పైచేయి కావచ్చు.

ఇంకొక్క వివరం. గుణకం దేనికి ఇచ్చారో మీ పని లెక్కా దానిలోనే ఉండాలి. సిమెంటు కిల్న్‌కు (కొలిమికి) ఇచ్చే గుణకాలు సాధారణంగా టన్ను క్లింకర్‌కు ఉంటాయి. వాటిని సిమెంటు ఉత్పత్తితో హెచ్చవేస్తే, క్లింకర్‌లో ఫ్లై యాష్, స్లాగ్ కలిపే ఫ్యాక్టరీలో లెక్క అనవసరంగా ఉబ్బిపోతుంది.

3. ఏ గుణకాల సంకలనం తెరవాలి?

మీ దేశపు నియంత్రణ సంస్థ ఫలానా గుణకమే వాడాలని నిర్దేశించి ఉంటే చర్చ అక్కడితో ముగిసింది. లేకపోతే అందరూ తెరిచేవి కొన్నే ఉన్నాయి.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ వారి ఏపీ-42 వీటిలో పాతదీ పెద్దదీ. మొదట 1968లో వచ్చింది. ఐదో కూర్పు 1995లో వెలువడింది, ఆ తర్వాత ఒక్కో విభాగాన్ని విడివిడిగా సవరిస్తూ వస్తున్నారు. అందువల్ల పుస్తకం తేదీ కంటే విభాగం తేదీ చూడటం ముఖ్యం. సహజవాయువు విభాగం 1998 జులై నాటిది, చిన్న డీజిల్ ఇంజిన్ల విభాగం 1996 అక్టోబరు నాటిది. ఆ తర్వాత తయారైన ఇంజిన్‌కు ఆ అంకె వాడుతున్నారంటే ఏమి చేస్తున్నారో తెలిసే చేయాలి. ఇదే సంస్థకు వెబ్‌ఫైర్ అనే గుణకాల డేటాబేస్ కూడా ఉంది.

ఐరోపాలో ఈఎంఈపీ (వాయు కాలుష్య పర్యవేక్షణ కార్యక్రమం), ఈఈఏ (ఐరోపా పర్యావరణ సంస్థ) కలిసి తెచ్చే మార్గదర్శిని వాడతారు. అందులో గుణకాలకు అంతస్తులు ఉంటాయి. మొదటి అంతస్తు గంపగుత్త అంకె: ఇంధనం, రంగం తెలిస్తే చాలు. రెండోది సాంకేతిక పద్ధతిని బట్టి మారుతుంది. మూడోదానికి ఫ్యాక్టరీ సొంత సమాచారం కావాలి. దేశం మొత్తానికి లెక్క వేసేవారి కోసం ఉద్దేశించిన మొదటి అంతస్తు అంకెను ఒకే ఒక్క ఫ్యాక్టరీకి తగిలించడం నాకు నచ్చదు. సామర్థ్యం, బర్నర్ రకం తెలిసి కూడా వాటిని పక్కన పెట్టినట్టవుతుంది. ఆస్ట్రేలియా జాతీయ కాలుష్య జాబితా వారి పరిశ్రమలవారీ కరదీపికలు గనుల వంటి చోట్ల బాగా పనికొస్తాయి. వాతావరణ మార్పులపై అంతర్ప్రభుత్వ సంఘం (ఐపీసీసీ) 2006 మార్గదర్శకాలు హరితగృహ వాయువుల కోసం, దుమ్ము కోసం వాటిని తెరవనక్కర్లేదు.

పరికరం అమ్మినవారు ఇచ్చే హామీ పత్రం గుణకం కాదు. కొత్తగా ఉన్నప్పుడు, చెప్పిన షరతుల్లో అది ఇంత చేయగలదని మాత్రమే దాని అర్థం. అలాగే నాలుగు పుస్తకాలు తిరగేసి ఒక్కో కాలుష్యకానికి ఒక్కో పుస్తకం నుంచి అతి చిన్న అంకెను ఏరుకోవడాన్నీ ఎంపిక అనరు.

4. వర్ణన పోల్చండి, అడుగున ఉన్న గమనికలు చదవండి

అసలు పని ఇక్కడే ఉంది. ఏపీ-42లో సహజవాయువు బాయిలర్ల పట్టికే చూడండి. నైట్రోజన్ ఆక్సైడ్లకు పది లక్షల ఘనపుటడుగుల గ్యాసుకు ఇన్ని పౌండ్లు అని అంకెలు ఉంటాయి. పెద్ద బాయిలర్లలో, గోడకు బర్నర్లు ఉన్న పాత తరం వాటికి, నియంత్రణ ఏదీ లేకపోతే 280. తర్వాతి తరానికి 190. తక్కువ నైట్రోజన్ ఆక్సైడ్లు ఇచ్చే బర్నర్లు బిగిస్తే 140. చిన్న బాయిలర్లలో నియంత్రణ లేకపోతే 100, అలాంటి బర్నర్లు ఉంటే 50, వాటితోపాటు పొగను కొంత తిరిగి మంటలోకి పంపే ఏర్పాటు కూడా ఉంటే 32. ఇంధనం అదే, కాలుష్యకం అదే, అయినా పై అంకెకూ కింది అంకెకూ దాదాపు తొమ్మిది రెట్ల తేడా. ‘గ్యాసు బాయిలర్’ అన్న రెండు మాటలతో ఈ పట్టికలో ఏ వరుసనూ ఎంచుకోలేరు.

పరిమాణం హద్దులనూ గమనించండి. డీజిల్ ఇంజిన్లకు 600 అశ్వశక్తి దగ్గర విభాగం మారుతుంది. నియంత్రణ లేని చిన్న ఇంజిన్లకు పది లక్షల బీటీయూల (వేడిని కొలిచే ప్రమాణం) ఇంధనానికి 4.41 పౌండ్ల నైట్రోజన్ ఆక్సైడ్లు అయితే, పెద్దవాటికి 3.2. నాలుగు చిన్న జనరేటర్ల సామర్థ్యం కూడి ఒక పెద్ద జనరేటర్ అనుకుంటే తప్పు వరుసలో పడతారు.

బొగ్గు దగ్గర ఇంకో చిక్కు. పొడి బొగ్గును ఊది కాల్చే బాయిలర్‌కు దుమ్ము గుణకం ‘10 ఇంటూ బూడిద శాతం’ అని ఉంటుంది. స్ప్రెడర్ స్టోకర్‌కు మాత్రం టన్నుకు 66 పౌండ్లు అని స్థిరమైన అంకె ఇచ్చారు, బూడిద ఊసే లేదు. ఆ స్థిరమైన అంకె పరీక్షల్లో కాల్చిన బొగ్గులకు సగటు. మీ బొగ్గులో బూడిద 35 శాతం ఉంటే ఆ అంకె మీకు సరిపోతుందని నమ్మడానికి ఆధారం లేదు. బూడిద శాతంతో హెచ్చవేసే మొదటి రకం కూడా పరీక్షల పరిధి దాటి అంత ఖచ్చితంగా సాగుతుందని అనుకోకండి. దీన్ని కింద లెక్కలో మళ్లీ చూద్దాం.

సమీకరణం రూపంలో ఉన్న గుణకాలు మరింత జాగ్రత్త కోరతాయి. కుప్ప మీదకు సరుకు జారవిడిచినప్పుడు లేచే దుమ్ముకు ఏపీ-42 ఇచ్చే సమీకరణంలో గాలివేగం, తేమ ఉంటాయి. తేమకు ఘాతాంకం 1.4 కాబట్టి తేమ రెట్టింపు అయితే దుమ్ము 2.6 రెట్లు తగ్గుతుంది. అంతగా ప్రభావం చూపే అంకెను ఊహించి రాయడం కంటే నమూనా తీసి ప్రయోగశాలకు పంపడం చవక. ఆ సమీకరణాన్ని రూపొందించిన పరీక్షల్లో తేమ 0.25 నుంచి 4.8 శాతం వరకు, గాలివేగం సెకనుకు 0.6 నుంచి 6.7 మీటర్ల వరకు ఉంది. మీ సరుకులో తేమ 12 శాతం ఉంటే సమీకరణం ఏదో ఒక అంకె ఇస్తూనే ఉంటుంది, కానీ దానికి వెనక కొలతలు లేవు.

ఖాళీ గడి అంటే సున్నా కాదని మరవకండి. సమాచారం లేదు, అంచనా వేయలేదు, వర్తించదు అన్న మూడూ మూడు వేర్వేరు మాటలు. ‘అంచనా వేయలేదు’ అని ఉన్నచోట సున్నా పెట్టుకుంటే ఆ కాలుష్యకం మీ చిమ్నీ నుంచి రావడం ఆగిపోదు.

5. ఆ పేరుతో ఏమి కొలిచారో చూడండి

ధూళికణాలు అన్న పేరు కింద కనీసం రెండు రకాల కొలతలు ఉంటాయి. ఫిల్టర్ కాగితం మీద నిలిచేవి ఒకటి. చిమ్నీ వేడిలో ఆవిరిగా ఉండి, బయట చల్లబడ్డాక కణాలుగా మారేవి రెండోది. సహజవాయువు బాయిలర్లకు ఏపీ-42 ఇచ్చే మొత్తం ధూళి గుణకం పది లక్షల ఘనపుటడుగులకు 7.6 పౌండ్లు. అందులో ఫిల్టర్ మీద నిలిచేది 1.9 మాత్రమే, మిగతా 5.7 చల్లబడ్డాక ఏర్పడేదే. ఫిల్టర్ భాగం మాత్రమే తీసుకుంటే నాలుగో వంతు లెక్కించి పని అయిపోయిందనుకుంటారు. మీ చిమ్నీ పరీక్షలో ఏ భాగం కొలిచారో చూసుకోకుండా ఆ ఫలితాన్ని పుస్తకం అంకెతో పోల్చడమూ అర్థం లేని పని.

మొత్తం దుమ్ము, పీఎం10 (10 మైక్రాన్లలోపు కణాలు), పీఎం2.5 (2.5 మైక్రాన్లలోపువి) వేటికవే వేర్వేరు గుణకాలు. ఒకదాన్ని ఇంకొకదానిగా మార్చాలంటే ఆ యంత్రానికీ ఆ ఫిల్టర్‌కూ చెందిన కణపరిమాణ పంపిణీ కావాలి. ఫిల్టర్ పెద్ద కణాలను ముందుగా పట్టేస్తుంది కాబట్టి దానికి ముందున్న పంపిణీ తర్వాత ఉండదు.

నైట్రోజన్ ఆక్సైడ్లను సాధారణంగా నైట్రోజన్ డయాక్సైడ్ బరువుగా చెబుతారు. చిమ్నీ నుంచి వచ్చేదేమో ఎక్కువగా నైట్రిక్ ఆక్సైడ్. అణుభారాలు 46, 30 కాబట్టి ఏ బరువుతో చెప్పారో చూడకపోతే తేడా ఒకటిన్నర రెట్లు. ఆవిరయ్యే సేంద్రియ పదార్థాల విషయంలోనూ అంతే. మీథేన్ కలిపారా తీసేశారా, ప్రొపేన్ బరువుగా చెప్పారా కార్బన్ బరువుగానా అన్నది పట్టిక తలపైనో అడుగునో రాసి ఉంటుంది.

6. ప్రమాణాలు

పౌండ్లు, టన్నుల మార్పిడి దగ్గర తడబడేవారు తక్కువేమీ కాదు. అమెరికా పట్టికల్లో టన్ను అంటే 2,000 పౌండ్లు, అంటే 907 కిలోలు. టన్నుకు పౌండ్లలో ఉన్న గుణకాన్ని సగం చేస్తే మెట్రిక్ టన్నుకు కిలోలు వస్తాయి. వెయ్యి గ్యాలన్లకు పౌండ్లను 0.12తో హెచ్చవేస్తే వెయ్యి లీటర్లకు కిలోలు. పది లక్షల ఘనపుటడుగులకు పౌండ్లను 16తో హెచ్చవేస్తే పది లక్షల ఘనమీటర్లకు కిలోలు. గ్యాసు పరిమాణం ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలిచిందో కూడా చూసుకోండి; సున్నా డిగ్రీల ఘనమీటరూ 20 డిగ్రీల ఘనమీటరూ ఒకటి కావు.

గుణకంలో ‘ఎస్’ అన్న అక్షరం కనిపిస్తే అక్కడ సల్ఫర్ శాతాన్ని ఉన్నదున్నట్టు పెట్టాలి. సల్ఫర్ 0.6 శాతం అయితే 0.6 అనే రాయాలి, 0.006 కాదు. ఈ ఒక్క పొరపాటు లెక్కను వంద రెట్లు తగ్గిస్తుంది. అంకె చిన్నగా వచ్చినప్పుడు ఎవరూ అనుమానపడరు, అదే దీనితో వచ్చిన ఇబ్బంది.

ఉష్ణ విలువ మరింత లోతైన గుంట. ఇంధనం వేడిని స్థూలంగానూ చెప్పవచ్చు, నికరంగానూ చెప్పవచ్చు. పొగలోని నీటి ఆవిరి ఘనీభవించేటప్పుడు వదిలే వేడిని కలిపితే స్థూలం, కలపకపోతే నికరం. ప్రయోగశాల నివేదికల్లో జీసీవీ, ఎన్‌సీవీ అని కనిపించేవి ఇవే. ఏపీ-42 స్థూల విలువ మీద నడుస్తుంది. ఐపీసీసీ, ఐరోపా మార్గదర్శిని నికర విలువ మీద నడుస్తాయి. రెండింటి మధ్య తేడా బొగ్గుకు, నూనెకు సుమారు 5 శాతం, సహజవాయువుకు సుమారు 10 శాతం. ఐపీసీసీ ప్రకారం సహజవాయువుకు ఒక టెరాజౌల్‌కు 56,100 కిలోల కార్బన్ డయాక్సైడ్. మీ బిల్లులో 1,000 టెరాజౌళ్లు స్థూల విలువలో ఉంటే నేరుగా హెచ్చవేసినప్పుడు 56,100 టన్నులు వస్తుంది. సరైన దారి ముందుగా దాన్ని నికరంలోకి, అంటే సుమారు 900 టెరాజౌళ్లకు మార్చడం. అప్పుడు వచ్చేది 50,490 టన్నులు. మీటరులో ఏ తేడా లేకుండానే 5,600 టన్నులు పుట్టుకొచ్చాయన్నమాట.

బొగ్గు విశ్లేషణలో ఇలాంటిదే ఇంకొకటి ఉంది. బూడిద, సల్ఫర్ శాతాలను గాలికి ఆరబెట్టిన నమూనాకు ఇచ్చి ఉండవచ్చు, కాటా మీద తూచింది మాత్రం తడిగా వచ్చిన బొగ్గును. రెండూ ఒకే ప్రాతిపదిక మీదకు తెచ్చాకే హెచ్చవేయండి.

7. వడపోత పరికరాన్ని రెండుసార్లు లెక్కించకండి

కొన్ని గుణకాలు వడపోతకు ముందటివి, కొన్ని తర్వాతివి. ‘బ్యాగ్ ఫిల్టర్‌తో’ అని రాసి ఉన్న గుణకాన్ని తీసుకుని మళ్లీ 99 శాతం తగ్గిస్తే ఫిల్టర్ రెండుసార్లు పనిచేసినట్టు. ఇది చదివేటప్పుడు నవ్వు తెప్పిస్తుంది కానీ పెద్ద పట్టికల్లో సులువుగా దూరిపోతుంది.

పరికరం సామర్థ్యం ఎంతన్నది ఎంత ముఖ్యమో, అది ఎన్ని గంటలు పనిచేసిందన్నదీ అంతే ముఖ్యం. 99 శాతం పట్టుకునే ఈఎస్‌పీ ఏడాదిలో 2 శాతం గంటలు ఆగిపోయి, బాయిలర్ మాత్రం నడిచిందనుకోండి. 8,000 గంటల్లో 160 గంటలన్నమాట. మిగతా 98 శాతం గంటల్లో బయటికి పోయింది ఒక శాతం, ఆ 2 శాతం గంటల్లో పోయింది మొత్తం. కలిపితే 2.98 శాతం, అంటే మీరు రాసిన దానికి మూడు రెట్లు. ఈఎస్‌పీ ఆగిన గంటలు లాగ్‌బుక్‌లో ఉంటాయి, వెతికి తీయండి. యంత్రం మొదలుపెట్టే సమయం, ఆపే సమయం కూడా ఈ కోవలోకే వస్తాయి. గుణకాల వెనక ఉన్న పరీక్షలు ఎక్కువగా నిలకడగా నడుస్తున్నప్పుడు చేసినవే.

ఒక కాలుష్యకాన్ని పట్టే పరికరం అన్నిటినీ పట్టదనీ గుర్తుంచుకోండి. బ్యాగ్ ఫిల్టర్ ఉంది కాబట్టి నైట్రోజన్ ఆక్సైడ్లకు కూడా తగ్గింపు వేస్తే కుదరదు.

8. అక్షర శ్రేణులకు ఎంత మర్యాద ఇవ్వాలి?

ఏపీ-42లో గుణకాల పక్కన ‘ఏ’ (A) నుంచి ‘ఈ’ (E) వరకు ఆంగ్ల అక్షరాలు ఉంటాయి. ‘ఏ’ అంటే అత్యుత్తమం, ‘ఈ’ అంటే నాసిరకం. ఈ అక్షరాలకు దక్కాల్సిన దానికంటే ఎక్కువ మర్యాదే దక్కుతోందని నా అభిప్రాయం. ‘ఏ’ శ్రేణి ఆ రకం పరిశ్రమ సగటు ఎంత గట్టి పరీక్షల మీద నిలబడిందో చెబుతుంది, మీ ఫ్యాక్టరీ ఆ సగటుకు ఎంత దగ్గరో చెప్పదు. మీ యంత్రానికి సరిగ్గా సరిపోయే ‘సీ’ శ్రేణి గుణకం, సరిపోని ‘ఏ’ శ్రేణి గుణకం కంటే మేలు. ‘ఈ’ శ్రేణి కనిపిస్తే మాత్రం వెనక ఒకటి రెండు పరీక్షలే ఉన్నాయేమో అని నేపథ్య నివేదిక చూడటం మంచిది.

సగటు అన్న మాటకు ఇంకో పర్యవసానం ఉంది. ఏపీ-42 ముందుమాట స్వయంగా చెబుతుంది: ఆ రకం ఫ్యాక్టరీల్లో దాదాపు సగం గుణకం కంటే ఎక్కువ, సగం తక్కువ వదులుతాయి. అందుకే ఒక్క ఫ్యాక్టరీ అనుమతి పరిమితిని నిర్ణయించడానికి, నిబంధన పాటించారా లేదా తేల్చడానికి ఈ గుణకాలు వాడవద్దని ఆ సంస్థే అంటుంది. 2020 నవంబరులో ప్రత్యేకంగా గుర్తుచేసింది కూడా. ఒక ప్రాంతంలోని వందల ఫ్యాక్టరీలను కూడేటప్పుడు ఎక్కువ తక్కువలు కొంత సర్దుకుంటాయి. ఒక్కదానికి ఆ అవకాశం లేదు.

ఐరోపా మార్గదర్శిని ప్రతి గుణకానికీ 95 శాతం విశ్వాస అవధి ఇస్తుంది. కింది హద్దుతో ఒకసారి, పై హద్దుతో ఒకసారి లెక్క వేసి చూడండి. మీ నిర్ణయం రెండింటితోనూ ఒకటే అయితే ఇంకా మంచి గుణకం కోసం తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. వేరైతే ఆ డబ్బు చిమ్నీ పరీక్షకు పెట్టండి.

9. ఒక లెక్క వేసి చూద్దాం

పొడి బొగ్గును ఊది కాల్చే బాయిలర్ ఉందనుకుందాం. ఏడాదికి 40,000 టన్నుల బిట్యూమినస్ బొగ్గు, సల్ఫర్ 0.6 శాతం, బూడిద 35 శాతం, చిమ్నీకి ముందు 99 శాతం పట్టుకునే ఈఎస్‌పీ.

సల్ఫర్ డయాక్సైడ్‌కు ఏపీ-42 గుణకం టన్నుకు 38 ఇంటూ సల్ఫర్ శాతం పౌండ్లు. సగం చేస్తే మెట్రిక్ టన్నుకు 19 ఇంటూ 0.6, అంటే 11.4 కిలోలు. ఏడాదికి 456 టన్నులు. దీన్ని పదార్థ తుల్యతతో సరిచూడండి. టన్ను బొగ్గులో సల్ఫర్ 6 కిలోలు. అణుభారాల ప్రకారం సల్ఫర్ డయాక్సైడ్ బరువు సల్ఫర్‌కు రెట్టింపు కాబట్టి గరిష్ఠంగా 12 కిలోలు, ఏడాదికి 480 టన్నులు. గుణకం ఇచ్చింది అందులో 95 శాతం. మిగతా 5 శాతం బూడిదలో నిలిచిందని గుణకం చెబుతోంది. లెక్క కుదిరింది. 480 దాటి వచ్చి ఉంటే ఎక్కడో ప్రమాణం తప్పిందని వెంటనే తెలిసేది.

దుమ్ముకు వద్దాం. 10 ఇంటూ బూడిద శాతాన్ని సగం చేసి, 5 ఇంటూ 35, టన్నుకు 175 కిలోలు. ఏడాదికి 7,000 టన్నులు, ఈఎస్‌పీ తర్వాత 70. ఇప్పుడు తుల్యత చూడండి. మొత్తం బూడిద 14,000 టన్నులు. అంటే ఈ గుణకం ప్రకారం సగం బూడిదే పొగతో లేచింది, మిగతా సగం అడుగున పడింది. ఈ రకం బాయిలర్లలో బూడిద ఐదింట నాలుగు వంతుల దాకా పొగతో పోవడం మామూలే. మీ బాయిలర్ అడుగున తీసే బూడిద ఎంతో రిజిస్టరులో చూడండి. అది మొత్తంలో 20 శాతమే అయితే పొగలో ఉన్నది 11,200 టన్నులు, ఈఎస్‌పీ తర్వాత 112. ఈఎస్‌పీ 2 శాతం గంటలు ఆగిన సంగతి కూడా కలిపితే 334 టన్నుల దగ్గర తేలుతుంది.

మొదట వచ్చిన 70కీ, చివరి 334కీ మధ్య ఏ కొత్త కొలతా చేయలేదు. బూడిద రిజిస్టరు, ఈఎస్‌పీ లాగ్‌బుక్ చూశాం, అంతే. నైట్రోజన్ ఆక్సైడ్లకు ఇలాంటి సరిచూపు లేదు కాబట్టి అక్కడ బర్నర్ రకం పోల్చడం మీదే భారమంతా ఉంటుంది.

ఫలితాన్ని 333.76 అని రాయకండి. రెండు అంకెల ఖచ్చితత్వం కూడా అనుమానమే అయినచోట దశాంశాలు చూపడం చదివేవారిని తప్పుదారి పట్టించడమే. సుమారు 330 చాలు.

10. ఎంపికను కాగితం మీద పెట్టండి

ఒక్కో గుణకానికి ఒక్కో వరుస సరిపోతుంది: సంకలనం పేరు, విభాగం, పట్టిక సంఖ్య, ఆ విభాగం తేదీ, మూలంలో ఉన్నట్టు అంకె, ప్రమాణం, మార్చాక అంకె, శ్రేణి లేదా అవధి, వడపోతకు ముందా తర్వాతా, మీ యంత్రానికి ఎందుకు సరిపోతుందనుకున్నారో ఒకటి రెండు వాక్యాలు. పరిశీలించి వదిలేసిన గుణకాలను కూడా, ఎందుకు వదిలేశారో రాసి, అదే వరుస కింద పెట్టండి. ఈ చివరి అలవాటు చాలామందికి లేదు. తనిఖీకి వచ్చినవారు మొదట అడిగేది మాత్రం దాని గురించే.

మూలం అంకెను చెరిపి మార్చిన అంకెను దాని స్థానంలో పెట్టకండి, రెండూ పక్కపక్కన ఉండాలి. ఏడాదికోసారి విభాగం తేదీ మారిందేమో చూడండి. మారితే కొత్త గుణకంతో ఈ ఏడాదికి మాత్రమే లెక్క వేస్తే, ఫ్యాక్టరీలో ఏ మార్పూ లేకుండానే ఉద్గారాలు పెరిగినట్టో తగ్గినట్టో గ్రాఫు కనిపిస్తుంది. పాత సంవత్సరాలనూ అదే గుణకంతో తిరిగి లెక్కించి, మార్చిన తేదీని పక్కన రాయండి. బర్నర్లు మార్చినప్పుడు, ఇంధనం మారినప్పుడు, కొత్త ఫిల్టర్ బిగించినప్పుడు మాత్రం వెనక్కి వెళ్లకూడదు. ఆ నెల నుంచి కొత్త వరుస మొదలుపెట్టాలి.